ముప్ఫై ఆరు కత్తెరలు

మంగళవారం పొద్దున తొమ్మిది కాకముందే ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. స్టెరిలైజేషన్ విభాగం ఇన్‌చార్జి సిస్టర్. "మీ అమ్మాయి గురించి మాట్లాడాలి. ఒకసారి వస్తారా?" అని పెట్టేసింది.

కోచమ్మ టీ గ్లాసు పక్కన పెట్టింది. పని సవ్యంగా సాగినన్నాళ్లూ "మా అమ్మాయి" అంటారు. తేడా వచ్చిన రోజున "మీ అమ్మాయి" అయిపోతుంది. పదమూడేళ్లుగా ఈ ఉద్యోగం చేస్తున్న మనిషికి ఆ ఒక్క మాటతోనే సగం సంగతి తెలిసిపోతుంది. తాగుతున్న టీ అక్కడే వదిలేసి బస్సెక్కింది.

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమెకు వేరే ఉంది. ఉపాధి పునరావాస కేంద్రం నుంచి జాబ్ కోచ్ వస్తోందని మొదట విన్నప్పుడు, ఆస్పత్రిలో పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ నడిపే పెద్దాయన "కోచ్ అంటే పరుగుపందేలు నేర్పుతారా అమ్మా?" అని అడిగాడు. రెండో రోజుకు కోచ్ మేడం అయింది. వారం తిరిగేసరికి కోచమ్మగా స్థిరపడిపోయింది. నిజానికి ఆమె చేసేది పరుగుపందెం కంటే చాలా నిదానమైన పని. చూపు, వినికిడి, కాలు, చెయ్యి, బుద్ధి, వీటిలో ఏదో ఒకటి పదిమందికి ఉన్నట్టు లేనివాళ్లకు ఉద్యోగం వెతకాలి. పక్కన కూర్చుని నేర్పాలి. ఆ ఉద్యోగం నిలబడేదాకా ఉండి, తర్వాత రోజుకింత చొప్పున తప్పుకోవాలి. వెతకడం కష్టం, నేర్పడం ఇంకా కష్టం. తప్పుకోవడం మాత్రం తనకు బాగా చేతనవునని ఆమె నమ్మకం.

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న మనిషి చిలకమ్మ. ఇదీ అసలు పేరు కాదు. అడిగిందే అడుగుతుందని చిన్నప్పుడు వాళ్లన్నయ్య పెట్టిన ముద్దుపేరు, ముప్ఫై ఒకటో ఏట కూడా వదల్లేదు. చిలకమ్మకు చదువు ఒంటబట్టలేదు. ఏదైనా బుర్రకెక్కడానికి అందరికంటే నాలుగింతలు టైము పడుతుంది. ఒకసారి ఎక్కిందా, ఇక దిగదు. వార్డుల్లో పుండ్లకు కట్లు కట్టడానికి వాడే డ్రెస్సింగ్ ప్యాకెట్లు తయారు చేయడం ఆమె పని. ఇన్నాళ్లూ ఆటోక్లేవ్ పెద్దాయన దగ్గర ఖాళీ గుడ్డలతో మడతలు నేర్చుకుని, పోయిన శుక్రవారం నుంచే సొంతంగా కడుతోంది. ఆరు వారాల పరీక్షాకాలం ఈ శుక్రవారంతో పూర్తవుతుంది. ఉంచుకుంటామనో వద్దనో ఆ రోజు ఇన్‌చార్జి సిస్టర్ ఒక కాగితం మీద రాసిస్తుంది. ఉంచుకుంటే పర్మనెంటు. వద్దంటే చిలకమ్మ మళ్లీ ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది, ఇంతకుముందు పదేళ్లు కూర్చున్నట్టే.

ఇన్‌చార్జి సిస్టర్ గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. చిలకమ్మ అక్కడికి పది అడుగుల దూరంలోనే, తన బల్ల దగ్గర నిలబడి ఆకుపచ్చ గుడ్డ పరుచుకుంటోంది. ఎవరో నిద్రపోతున్న గదిలో మాట్లాడుకుంటున్నట్టుగా ఉంది వ్యవహారం.

"పై వార్డుల వాళ్లు శనివారం నుంచీ సణుగుతున్నారు మేడం. ప్యాకెట్ విప్పితే కత్తెర ఉండట్లేదట. ఏదో ఒకటి రెండు అనుకున్నా. ఇవాళ పొద్దున్నే హెడ్ నర్సు కిందికే దిగొచ్చింది. రోగిని కూర్చోబెట్టి కత్తెర కోసం వార్డంతా పరిగెత్తాలా అని నా మొహం మీదే అడిగింది. నేనేం చెప్పను?"

"అన్నిట్లోనూ లేవా?"

"నాలుగు విప్పి చూశా. నాలుగింట్లోనూ లేవు. ఇంకో సంగతి. బీరువాలో నలభై కత్తెరలుండాలి. నాలుగే ఉన్నాయి."

ఆటోక్లేవ్ పెద్దాయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చిలకమ్మ ఆయన్ను బాబాయి అంటుంది. ఆమెను చూసి ఇప్పుడు అందరికీ బాబాయే అయ్యాడు. "రోజూ పన్నెండు నా చేత్తో లెక్కపెట్టి ఇస్తున్నానమ్మా. శుక్రవారం ఇచ్చా, శనివారం ఇచ్చా, నిన్న ఇచ్చా. ఇవాళ బీరువా తెరిస్తే గుండె గుభేలుమంది" అన్నాడు ఆయన కూడా గుసగుసగానే.

"ఆ అమ్మాయిని నేనేమీ అనట్లేదు" అంది సిస్టర్. ఆ మాట అన్న తీరులోనే అనాల్సినదంతా ఉంది. "శుక్రవారం నేనేం రాయాలో మీరే చెప్పండి. అప్పటిదాకా ప్యాకెట్ల జోలికి వద్దు. గుడ్డలు మడతపెట్టమనండి."

కోచమ్మ వెళ్లి ఆ మాట చెప్పింది. చిలకమ్మ ముందున్న ప్యాకెట్ సగంలో ఉంది. ఆమె దాన్ని అలాగే వదిలేయలేదు. గుడ్డ కింది మూలను పైకి తెచ్చి, కొసను వెనక్కి తిప్పి, ఎడమ మూల వేసి, కుడి మూల వేసి, పై మూలను లోపలికి దోపి, ఆవిరి తగిలితే నల్లచారలు తేలే టేపును దాని మీద అతికించి, బొటనవేలితో మూడుసార్లు రుద్దింది. అప్పుడు చేతులు తుడుచుకుని, ఉతికొచ్చిన గుడ్డల గుట్ట దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ప్యాకెట్లు కట్టకూడదా అక్కా?"

"ఇవాల్టికి వద్దు. ఇవి మడతపెట్టు."

చిలకమ్మ పెదవులు ఇంకోసారి కదిలాయి గానీ మాట రాలేదు. అడిగిందే అడిగితే పక్కవాళ్లు విసుక్కుంటారని, ఒకసారి అడిగిన ప్రశ్న మళ్లీ అడగకూడదని నేర్పింది కోచమ్మే. రెండు వారాలు పట్టింది అది నేర్పడానికి. సెంటర్‌లో రాసే నివేదికలో దాన్ని మంచి ప్రగతి అని కూడా రాసింది.

ఆ రోజంతా వెతుకులాటే. కోచమ్మ, బాబాయి కలిసి ఉతుకుడుకు వెళ్లే సంచులు దులిపారు. చెత్తబుట్టలు తిరగేశారు. కడిగే తొట్టి కింద జాలీ విప్పి చూశారు. చిలకమ్మ బల్లకున్న పై సొరుగులో టేపు చుట్టలూ పెన్నూ తప్ప ఏమీ లేవు. కింది సొరుగు లాగితే రాలేదు. "అది ఇరుక్కుపోయి రెండేళ్లయిందమ్మా, దాన్నెవరూ వాడరు" అన్నాడు బాబాయి.

మధ్యాహ్నం మూడింటికి కోచమ్మ ఎన్నడూ చేయని పని ఒకటి చేసింది. కొక్కేనికి తగిలించి ఉన్న చిలకమ్మ సంచి దించి, జిప్పు తీసింది. టిఫిన్ డబ్బా, దువ్వెన, చేతిరుమాలు, ఫోటో ఉన్న బస్సు పాసు. అంతే. తలెత్తి చూసేసరికి చిలకమ్మ ఒక గుడ్డను ఛాతీకి ఆనించి పట్టుకుని ఇటే చూస్తోంది.

"ఏం వెతుకుతున్నారక్కా?"

"ఏం లేదు" అంది కోచమ్మ. జిప్పు వేసి సంచి మళ్లీ కొక్కేనికి తగిలించింది. ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆ జిప్పు చప్పుడే చెవుల్లో ఉండిపోయింది, తనంటే తనకే రోత పుట్టింది.

బుధవారం పొద్దున ఆస్పత్రి గేటు దగ్గర చిలకమ్మ వదిన కాపు కాసి ఉంది. రోజూ ఆడపడుచును దింపి వెళ్లిపోయేది, ఇవాళ కదల్లేదు. చిలకమ్మను లోపలికి పంపించి, కొంగు బిగించి నిలబడింది.

"మా ఆడపడుచు సంచి వెతికారట."

కోచమ్మ తల దించుకుంది.

"మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా మేడం? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కూడా చేతకాదు దానికి. అలాంటిదాని సంచిలో చెయ్యి పెట్టారు. మీరే పెట్టారు. ఇంకొకరైతే నేనింత బాధపడేదాన్ని కాదు."

"తప్పు చేశాను. చెయ్యకుండా ఉండాల్సింది."

పోట్లాటకు సిద్ధమై వచ్చిన మనిషికి ఎదుటివాళ్లు అంత తొందరగా ఒప్పేసుకుంటే ఏం చేయాలో తోచదు. వదిన కొంగు వదిలేసి, గేటు చువ్వ పట్టుకుంది. "రాత్రి ముద్ద ముట్టలేదు. నేను ప్యాకెట్లు కట్టకూడదా వదినా, కట్టకూడదా వదినా అని ఒకటే గొడవ. ఎన్నిసార్లడిగిందో లెక్కలేదు. ఇంట్లో ఎన్నిసార్లయినా అడుగుతుంది. ఇక్కడైతే ఒక్కసారితో నోరు మూసుకుంటుంది, మీరు నేర్పారుగా" అంది. గేటు లోపలికి చూస్తూ, "ఈ ఆరు వారాలూ అది పొద్దున్నే లేచి తన జడ తనే వేసుకుంది మేడం. శుక్రవారం ఆ కాగితం రాకపోతే నేను దానికేం చెప్పాలి?" అని అడిగింది.

కోచమ్మ లోపలికి వెళ్లింది. ఏదైనా పని ఎవరికైనా నేర్పే ముందు, ఆ పని తానే మొదటి నుంచి చివరిదాకా చేసి చూడాలన్నది ఈ ఉద్యోగంలో మొదటి పాఠం. డ్రెస్సింగ్ ప్యాకెట్ విషయంలో ఆమె ఆ పాఠం పాటించలేదు. బాబాయి కడుతుంటే చూసి, ఫోటోలు తీసి, ఆరు బొమ్మల కార్డు తయారుచేసి, మీద ప్లాస్టిక్ వేయించి, బల్ల ముందు గోడకు అతికించింది. చిలకమ్మ చదవలేదు కాబట్టి ఆ కార్డే ఆమెకు పాఠ్యపుస్తకం. మిగతావాళ్లకు చేతులకు అలవాటైన పని, ఎవరూ దానివంక చూడరు.

"నాకో ప్యాకెట్ సామాను ఇవ్వండి బాబాయ్" అంది.

ఆయన స్టీలు గిన్నె, కిడ్నీ ఆకారం ట్రే, పట్టుకార్ల లాంటి ఫోర్సెప్స్ రెండు, దూది, మెత్తటి గాజ్ గుడ్డ ముక్కలు, బీరువాలో మిగిలిన నాలుగింటిలో ఒక కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిలకమ్మ పక్క బల్ల దగ్గర గుడ్డలు మడతపెడుతోంది. అంచుకు అంచు ఆనించి, అరచేత్తో ఒక్కసారి సాపు చేసి, పక్కన పెట్టడం, ఇంకోటి అందుకోవడం. ఆ చేతులకు ఎవరి మీదా కోపం ఉన్నట్టు లేదు.

కోచమ్మ మొదటి బొమ్మ చూసి, గుడ్డను మూల తనవైపు ఉండేలా పరిచింది. రెండో బొమ్మ చూసి సామాను పేర్చింది. ట్రే, ట్రేలో గిన్నె, గిన్నెలో దూది, ఎడమ పక్క ఫోర్సెప్స్ రెండూ, పైన గాజ్ గుడ్డ ముక్కలు. మూడో బొమ్మ చూసి కింది మూల, నాలుగో బొమ్మ చూసి ఎడమ మూల. ఐదు, ఆరు. టేపు అతికించి బొటనవేలితో రుద్దింది. మడత కాస్త వదులుగా వచ్చింది గానీ ప్యాకెట్ పూర్తయింది.

కత్తెర ఇంకా బల్ల మీదే ఉంది.

ఆమె దానివంక చూసింది. మళ్లీ కార్డు వంక చూసింది. రెండో బొమ్మ మీద వేలు పెట్టి ఒక్కొక్క వస్తువూ లెక్కపెట్టింది. ట్రే, గిన్నె, దూది, ఫోర్సెప్స్, గాజ్ గుడ్డ. ఇంకోసారి లెక్కపెట్టినా అంతే. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన బుధవారం ఫోటోలు తీసిన రోజున కత్తెరలన్నీ సాన పట్టడానికి వెళ్లి ఉన్నాయి. శుక్రవారం పొద్దున తిరిగొచ్చాయి. కత్తెర వచ్చాక ఆ ఒక్క ఫోటో మళ్లీ తీద్దామనుకుంది. అనుకోవడం వరకే.

"అది కింది సొరుగులో పెట్టాలి" అంది చిలకమ్మ, మడత ఆపకుండా.

"ఏది?"

"కత్తెర. కార్డులో లేదుగా."

చిలకమ్మ వచ్చి బల్ల పక్కన వంగింది. కింది సొరుగును ముందు కొంచెం పైకెత్తి, తర్వాత తనవైపు లాగింది. రెండేళ్లుగా ఎవరికీ రాని సొరుగు చప్పుడు లేకుండా వచ్చేసింది. లోపల ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంది. దాని మీద కత్తెరలు. నాలుగేసి చొప్పున తొమ్మిది వరసలు, మొనలన్నీ ఒకేవైపు.

బాబాయి వచ్చి తొంగిచూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "హారి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం కదమ్మా" అన్నాడు.

కోచమ్మ నేల మీదే చతికిలపడింది. "ఇక్కడ పెట్టమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. బాబాయి కత్తెర ఇచ్చాడు. కార్డులో కత్తెర లేదు. నేను అడిగాను."

"ఎవర్ని?"

"మిమ్మల్నే. శుక్రవారం. మీరు వెళ్లిపోతున్నారు, ఆ తలుపు దగ్గర. కత్తెర పెట్టాలా అక్కా అన్నాను. కార్డులో ఎలా ఉంటే అలా చెయ్యి అన్నారు." చిలకమ్మ ఒక కత్తెరను వరసలోకి సర్దింది. "మళ్లీ అడగలేదు. ఒకసారే అడగాలి."

కోచమ్మకు ఆ తలుపు గుర్తొచ్చింది. భుజాన బ్యాగు, చేతిలో ఫోన్, బస్సు టైము. వెనకనుంచి ఏదో అడిగింది, తాను వెనక్కి తిరగకుండానే ఏదో అంది. తప్పుకోవడం సాధన చేస్తున్న రోజులు మరి. కళ్లలో నీళ్లు తిరిగాయి. చిలకమ్మ ముందు ఏడవకూడదని ఊరుకుంది గానీ, ఏడిస్తేనే బాగుండేది.

"నిన్నంతా వెతికాం కదా, నువ్వెందుకు చెప్పలేదు?"

"ఏం వెతుకుతున్నారని అడిగాను. ఏం లేదన్నారు."

బాబాయి కోచమ్మను లేవదీసి స్టూలు మీద కూర్చోబెట్టాడు. నీళ్లు తెచ్చిచ్చి, చిలకమ్మకు వినపడకుండా చెప్పాడు. "ఇందులో పెద్ద గొడవేముందమ్మా. కత్తెర్లు దొరికాయి. తెలీక సొరుగులో పెట్టిందని సిస్టర్‌కి చెప్పేద్దాం. ఆ బొమ్మ సంగతి మనకే తెలుసు. మళ్లీ ఫోటో తీసి అతికించెయ్యండి, మూడో కంటికి తెలీదు. మీ సెంటర్ నుంచి ఇంకో ముగ్గుర్ని ఇక్కడ పెట్టాలని చూస్తున్నారు కదా. మీ పేరు చెడితే వాళ్ల సంగతేంటి?"

మంచి మనసుతోనే చెప్పాడు. ఆ ముగ్గురూ కోచమ్మ కళ్ల ముందు కదిలారు. పోలియో కాలుతో మూడు మెట్లెక్కి ఆగేవాడు, చెవులు వినపడని అక్కాచెల్లెళ్లు ఇద్దరు. వాళ్ల ఫైళ్లు ఆమె బ్యాగులోనే ఉన్నాయి. తెలీక పెట్టిందనడం పూర్తిగా అబద్ధం కూడా కాదు. కానీ శుక్రవారం నాటి కాగితం మీద ఆ మాట ఎలా కూర్చుంటుందో ఆమెకు తెలుసు. చెప్పింది అర్థం చేసుకోలేదు అని రాస్తారు. చెప్పింది అక్షరాలా అర్థం చేసుకున్న మనిషి గురించి అలా రాస్తారు.

ఆమె కార్డును గోడ మీంచి పీకింది. ప్లాస్టిక్‌తో పాటు కొంచెం సున్నం కూడా ఊడొచ్చింది. దాన్ని పట్టుకుని సిస్టర్ కూర్చునే అద్దాల గదిలోకి వెళ్లింది.

"సిస్టర్, తప్పు నాది. ఈ రెండో బొమ్మలో కత్తెర లేదు. కత్తెరలు సానకెళ్లిన రోజున ఫోటో తీశాను. ఆ అమ్మాయి శుక్రవారమే నన్నడిగింది, నేను వినిపించుకోకుండా కార్డులో ఉన్నట్టే చెయ్యమన్నాను. ఒకసారికి మించి అడగొద్దని నేర్పిందీ నేనే. మీరు కాగితం మీద ఏం రాసినా, ఇది కూడా రాయండి."

సిస్టర్ కార్డు తీసుకుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చూసింది. లేచి బయటికొచ్చి ఆ సొరుగు ముందు నిలబడింది. వంగి ఒక కత్తెర తీసి, మొన చూసి, ఎక్కడ తీసిందో అక్కడే అదే దిక్కుగా పెట్టింది. చిలకమ్మ గుడ్డ మడతపెట్టడం ఆపేసి ఆమె చేతులనే చూస్తోంది.

"మూడు రోజులు, ముప్ఫై ఆరు ప్యాకెట్లు" అంది సిస్టర్ ఎవరితోనో అన్నట్టు. "అన్నిట్లోనూ ఒకటే తప్పు. మనవాళ్లయితే ఒక్కోదాంట్లో ఒక్కో తప్పు చేస్తారు, పట్టుకోలేక చస్తాను." బాబాయి గొంతు సవరించుకుని ఆటోక్లేవ్ మీటర్ వైపు తిరిగాడు.

సిస్టర్ కోచమ్మ వైపు చూసింది. ఆ చూపులో మెత్తదనమేమీ లేదు. "మీ కార్డు వల్ల వార్డుల్లో మూడు రోజులు నా పరువు పోయింది. అది నేను మర్చిపోను. శుక్రవారం మాట్లాడదాం. అమ్మాయిని ప్యాకెట్ల దగ్గరికి రమ్మనండి."

అని తన గదిలోకి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చింది. నేరుగా చిలకమ్మ ముందు నిలబడి, "ప్యాకెట్లు కట్టు అమ్మాయ్. కత్తెర వేసి కట్టు" అంది.

"కత్తెర ఎక్కడ పెట్టాలి?"

"ఫోర్సెప్స్ పక్కన."

"ఫోర్సెప్స్ పక్కనా?"

చిలకమ్మ చటుక్కున నోటి మీద చెయ్యి వేసుకుని కోచమ్మ వంక చూసింది. సిస్టర్ అదీ చూసింది. "అవును, ఫోర్సెప్స్ పక్కనే" అని నిదానంగా చెప్పి వెళ్లిపోయింది.

గురువారం కొత్త ఫోటోలు తీశారు. ఈసారి సామాను పేర్చింది చిలకమ్మే, కోచమ్మ ఫోన్ పట్టుకుని నిలబడిందంతే. కత్తెర మొన ఎటు ఉండాలన్న దగ్గర బాబాయికీ చిలకమ్మకూ వాదన నడిచింది. మొన లోపలికి ఉండాలని, లేకపోతే గుడ్డకు గుచ్చుకుంటుందని చిలకమ్మ పట్టుబట్టింది. బాబాయి ఇరవయ్యేళ్లుగా ఎటు పడితే అటు పెట్టేవాడినని ఒప్పుకున్నాడు.

ఆ పూట చిలకమ్మ ప్రతి ప్యాకెట్‌కూ ఆగి, "కత్తెర పెట్టాలా బాబాయ్?" అని అడిగింది. ఆయన ప్రతిసారీ పెట్టాలన్నాడు. ఐదోసారికి కోచమ్మ ఉండబట్టలేక, అడిగిందే అడక్కు అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అడగనివ్వమ్మా. నాకేం నొప్పి? మా ఆవిడ ఒక్క ప్రశ్న ముప్ఫై ఏళ్లుగా అడుగుతోంది, ఇంకా జవాబు చెప్పలేదు నేను." ఎనిమిదో ప్యాకెట్ తర్వాత చిలకమ్మ తనంతట తానే అడగడం మానేసింది. కోచమ్మ స్టూలు మీద ఊరికే కూర్చుని, రెండు వారాలు కష్టపడి నేర్పిన పాఠం ఒక్క పూటలో కొట్టుకుపోవడం చూసింది. విచిత్రంగా, ప్రాణం తేలికగా ఉంది.

శుక్రవారం నాలుగింటికి సిస్టర్ పిలిచింది. బల్ల మీద కాగితం ఉంది. సంతకం అప్పుడే పెట్టినట్టుంది, సిరా ఇంకా తడిగా మెరుస్తోంది. కోచమ్మకు తలకిందులుగా ఉన్న కాగితం చదవడం అలవాటే. ఉంచుకుంటున్నాం అన్న మాట దొరికేదాకా ఒక్కో వరసా వెతికింది.

"అమ్మాయి ఉంటుంది" అంది సిస్టర్. "మీరు మాత్రం సోమవారం నుంచి రావద్దు."

కోచమ్మ మొహం మాడిపోయింది. చేసిన తప్పుకు ఇంత శిక్ష పడటం న్యాయమే అనుకుంది. "సరే సిస్టర్. మిగతా ముగ్గురి కోసం సెంటర్ నుంచి ఇంకొకర్ని పంపమంటాను."

"నేనన్నది వేరు. ఆ ముగ్గుర్నీ మీరే తీసుకురండి, కార్డు నాకు చూపించి అతికించండి. ఈ అమ్మాయి దగ్గరికే రావద్దంటున్నా." సిస్టర్ పెన్ను మూత పెట్టింది. ఆ తర్వాతి మాటకు కొంచెం కష్టపడ్డట్టు కనిపించింది. "మంగళవారం నేనేం చేశాను? మనిషి నా ఎదురుగానే ఉంటే, ఊరవతల ఉన్న మీకు ఫోన్ చేశాను. కత్తెర్లేవి అమ్మాయ్ అని ఒక్క మాట అడిగుంటే సొరుగు తీసి చూపించేది. మీరున్నన్నాళ్లూ మేం మిమ్మల్నే అడుగుతాం మేడం. మీరూ అంతే కదా, సంచినడిగారు గానీ మనిషిని అడగలేదు."

కోచమ్మ కాగితం తీసుకుని, నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

చిలకమ్మ ఆ రోజు పన్నెండో ప్యాకెట్ మీద టేపు రుద్దుతోంది. కోచమ్మ ఆమెకు కాగితం చూపించి, అందులో ఏముందో చెప్పింది. చిలకమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, సంతకాన్ని తాకకుండా జాగ్రత్తగా చూసింది.

"నేను సోమవారం నుంచి రాను" అంది కోచమ్మ.

"ఎందుకు?"

"నీకు పని వచ్చేసిందిగా."

"మీకు రాలేదు. మీ మడత వదులు" అంది చిలకమ్మ. బుధవారం నాటి కోచమ్మ ప్యాకెట్ ఎవరో విప్పి మళ్లీ కట్టారని బాబాయి తర్వాత చెప్పాడు.

"నిన్ను చూడటానికి నెలకోసారి వస్తాలే."

చిలకమ్మ ఆలోచించింది. "మధ్యాహ్నం రండి. పొద్దున మాకు పని ఎక్కువ" అని, కాగితం మడిచి, అంచుకు అంచు ఆనించి అరచేత్తో సాపు చేసి, తన సంచిలో పెట్టుకుని జిప్పు వేసింది. టీ బండి వచ్చినట్టుంది, నడవలోంచి ఎవరో "చిలకమ్మా, రా" అని కేకేశారు. ఆమె వెళ్లిపోయింది. కోచమ్మ స్టూలు దగ్గర నిలబడి, తాను ఇంకా ఇక్కడ చేయాల్సింది ఏమైనా ఉందా అని చుట్టూ చూసింది. ఏమీ లేదు.

గేటు బయట వదిన ఎదురుచూస్తోంది. కోచమ్మను చూడగానే నాలుగడుగులు ముందుకొచ్చింది. "ఏమైంది మేడం? రాశారా? ఇవాళ ఎలా చేసింది? ఏమన్నారు?"

కోచమ్మ నోరు తెరిచింది. ఆరు వారాలుగా సాయంత్రం పూట ఆమె అప్పజెప్పే చిట్టా నాలుక చివరే ఉంది. ఎన్ని కట్టింది, ఎక్కడ తడబడింది, ఎంత మెరుగుపడింది. ఇంత మంచి కబురు తన నోటితో చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది కూడా. అంతలో చిలకమ్మ టీ ముగించుకుని, సంచి భుజాన వేసుకుని, బాబాయి పక్కనే ఏదో చెప్పుకుంటూ గేటు వైపు వస్తూ కనిపించింది.

"అదిగో వస్తోంది" అంది కోచమ్మ. "తననే అడగండి."

వదిన అడిగింది. చిలకమ్మ సంచి కింద పెట్టి మొదలుపెట్టింది. పొద్దున వచ్చి చేతులు కడుక్కోవడం దగ్గర నుంచి, మొదటి ప్యాకెట్, రెండో ప్యాకెట్, కత్తెర మొన ఎటు ఉండాలో, బాబాయికి అది ఎలా తెలీదో, వరసగా, ఒక్కటీ వదలకుండా. కాగితం సంగతి నాలుగింటికి జరిగింది కాబట్టి నాలుగింటి వంతు వచ్చేదాకా అది బయటికి రాలేదు. వదిన మధ్యలో రెండుసార్లు "అది సరే, కాగితం?" అని తొందరపెట్టి, లాభం లేదని అరుగు మీద కూర్చుని వింది. కోచమ్మ కాస్త ఎడంగా నిలబడి విన్నది. చెప్పడం పూర్తయ్యేసరికి రెండు బస్సులు వెళ్లిపోయాయి. అందులో ఒకటి కోచమ్మ ఎక్కాల్సింది.